తెల్ల షోర్బా, ఎర్ర షోర్బా

జెడ్డాలో చేపల హోటలుకి వెళ్తే మిమ్మల్ని ముందుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏ చేప కావాలి? ఎలా వండాలి? మంచు మీద పరిచిన చేపల్లోంచి మీరే ఒకటి చూపించాలి. దాన్ని తూకం వేస్తారు. నూనెలో వేయించాలా, బొగ్గుల మీద కాల్చాలా అని అడుగుతారు. అది అయ్యాక మూడో ప్రశ్న వస్తుంది. షోర్బా తెల్లదా, ఎర్రదా?

చాలామంది ఆ మూడో ప్రశ్నకి ఆలోచించకుండా ఏదో ఒకటి చెప్పేస్తారు. మీరు అలా చెప్పకండి. జెడ్డాలో నేను తిన్నవాటిలో నాకు ఎక్కువ ఆలోచన మిగిల్చింది ఆ సూపే.

నేను డర్బన్‌లో బడి టీచర్ని. ఇంగ్లీషు చెప్పడానికి రెండేళ్ళ ఒప్పందం మీద సౌదీ అరేబియాకి వెళ్ళాను. దక్షిణాఫ్రికా నుంచి అలా వెళ్ళే టీచర్లు చాలామంది ఉన్నారు. ఒప్పందం అనే మాట చూడగానే మీకు ఇంకో మాట గుర్తొచ్చి ఉంటుంది. గిర్మిట్. మన పెద్దల నోట్లో అగ్రిమెంట్ అనే మాట అలా మారింది. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు సూపు.

షోర్బా అంటే అరబ్బీలో సూపు. హైదరాబాదు హోటళ్ళలో కూడా ఈ మాట వినిపిస్తుంది. జెడ్డా ఎర్రసముద్రం ఒడ్డున ఉంది. మక్కాకి వెళ్ళే యాత్రికులు వందల ఏళ్ళుగా అక్కడే ఓడ దిగేవారు. పగడపు రాయితో కట్టిన ఇళ్ళు, చెక్క కిటికీలు ఉన్న పాత ఊరిని అల్ బలద్ అంటారు. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. అక్కడా, ఊరంతటా చేపల హోటళ్ళు ఉన్నాయి. ఆడంబరం ఏమీ ఉండదు. బల్ల మీద పలచటి ప్లాస్టిక్ కాగితం పరుస్తారు. తిన్నాక ముళ్ళు, తొక్కలు అన్నీ దాంట్లోనే చుట్టి పారేస్తారు. పిల్లలు కిందా మీదా పోసుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఒకప్పుడు కుటుంబాలకి ఒక తలుపు, ఒంటరి మగవాళ్ళకి ఇంకో తలుపు ఉండాలనే నియమం ఉండేది. 2019 డిసెంబరులో ఆ నియమం తీసేశారు. అందుకే నాలాంటి ఆడమనిషి ఒక్కతే వెళ్ళి, ఒక మూల కూర్చుని, మూడు గిన్నెల సూపు తెప్పించుకున్నా ఎవరూ వింతగా చూడలేదు. సరే, సూపులు తెచ్చిన అబ్బాయి ఒక్కడు చూశాడు.

తెల్ల షోర్బా ముందు వచ్చింది. ఇది పాలు, మీగడ వేసిన సూపు. రొయ్యలు, స్క్విడ్ ముక్కలు, చేప ముక్కలు ఉన్నాయి. చిక్కగా ఉంది. చెంచాతో తీస్తే మెల్లగా జారుతోంది. మొదటి మూడు చెంచాలు చాలా బాగుంది. ఆ తర్వాత అన్ని చెంచాలూ ఒకేలా ఉన్నాయి. రొయ్యకీ స్క్విడ్‌కీ తేడా పళ్ళకి తెలుస్తోంది గాని నాలుకకి తెలియడం లేదు. మీగడ అన్నింటినీ కప్పేసింది.

ఎర్ర షోర్బాలో టమాటా, వెల్లుల్లి, జీలకర్ర ఉన్నాయి. పక్కన కోసిన నిమ్మకాయ పెట్టారు. ఇది మన ఇంటికి కొంచెం దగ్గర. డర్బన్‌లో మనం వండే చేపల కూరలో టమాటా ఉంటుంది కదా. కాని దీంట్లో కారం లేదు. జీలకర్ర వాసన ముందుకొస్తుంది. పులుపు చివర్లో, నిమ్మకాయ పిండితేనే వస్తుంది. ఒక పీత కాలు అడుగున దాక్కుని ఉంది. దాని కోసమైనా ఎర్రది తెప్పించుకోవచ్చు.

మూడోది జాబితాలో లేదు. పలచటి షోర్బా. చేప తల, ముళ్ళు ఉడికించి వడకట్టిన నీళ్ళు, కాస్త ఉల్లిపాయ, జీలకర్ర, నిమ్మరసం. అంతే. అడిగితే లోపలి నుంచి తెచ్చారు. చూడటానికి పేదగా ఉంది. రుచిలో మిగతా రెండూ దీని ముందు నిలవలేదు. ఎందుకో చెప్తాను. చేప తాజాగా లేకపోతే ఈ సూపు చేయలేరు. మీగడ లేదు, టమాటా లేదు, దాచడానికి ఏమీ లేదు. చేప పాతదైతే మొదటి చెంచాలోనే తెలిసిపోతుంది.

అలా తెలిసేదాన్ని ఏమంటారు? ఇక్కడే నా తెలుగు ఆగిపోయింది.

నేను తెలుగు గుడిలో నేర్చుకున్నాను. మీలో చాలామంది కూడా అంతే. శనివారం తరగతి, చాప మీద కూర్చోవడం, పలక, గుణింతాలు, తర్వాత పాటలు, శ్లోకాలు. ఆ తరగతులు పెట్టినవాళ్ళకి నేను రుణపడి ఉన్నాను. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ 1931లో మొదలైంది. అలాంటి సంఘాలు లేకపోతే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు, మీరు చదివేవారూ కాదు. 1996లో వచ్చిన మన రాజ్యాంగంలో తెలుగు పేరు కూడా ఉంది. మీకు తెలుసా? గౌరవించి ప్రోత్సహించవలసిన భాషల వరసలో ఉంది. మంచిదే. కాని గుడిలో చేపల మాట ఎవరు ఎత్తుతారు? నాకు దీపం, నైవేద్యం, పుష్పం, కరుణ అనే మాటలు వచ్చు. చేపలు వండే గిన్నె దగ్గర కావలసిన మాటలు రావు.

సూపులు తెచ్చిన అబ్బాయి నా నోట తెలుగు విని నిలబడిపోయాడు. నేను ఫోనులో చెల్లెలికి సందేశం చెప్తున్నాను. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. కోనసీమ నుంచి వచ్చాడు.

"తెలుగువారాండీ?" అన్నాడు.

"అవును. దక్షిణాఫ్రికా తెలుగు" అన్నాను. "ఈ సూపు మిక్కిలి రుచికరముగా ఉన్నది."

అతను నవ్వు ఆపుకున్నాడు. తర్వాత ఆపుకోలేకపోయాడు. "ఏమీ అనుకోకండి టీచరుగారూ. మీ తెలుగు మా ఊరి పంతులుగారి తెలుగులా ఉందండి. ఆయ్, బాగుందండి. ఆయన చేపలు తింటూ మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంది."

ఆ "ఆయ్" గమనించండి. గోదావరి జిల్లాల మనిషి అని గుర్తుపట్టడానికి అదొక్కటి చాలు. ప్రతి మాట చివర "అండి" కూడా వస్తుంది.

చేప పాతబడితే వచ్చే వాసనని ఏమంటారని అడిగాను. "నీచు వాసనండి" అన్నాడు. "నీసు అని కూడా అంటారు. చేప కడిగేటప్పుడు ఉప్పు, పసుపు రాసి కడగాలండి. అప్పుడు నీచు పోద్ది."

నీచు. ఈ మాట మీ పుస్తకంలో రాసుకోండి. చేపలు, మాంసం లాంటి తిండిని కూడా నీచు అంటారు. "ఈ రోజు మేము నీచు తినం" అని శనివారంనాడు ఎవరైనా చెప్పవచ్చు. ఇంగ్లీషులో దీనికి సరిపోయే ఒక్క మాట నాకు దొరకలేదు. నాకు గుర్తుంది, మా అవ్వ చేప కడిగాక చేతులు వాసన చూసుకుని ఏదో ఒక మాట అనేది. అది ఇదేనా? అయి ఉండాలి. అడగడానికి ఆమె లేదు.

ఆ తర్వాత నేను ప్రతి రెండు వారాలకి ఒకసారి ఆ హోటలుకి వెళ్ళేదాన్ని. జనం తక్కువగా ఉండే వేళ చూసుకునేదాన్ని. పేరుకి సూపు కోసం, నిజానికి మాటల కోసం. అతను నాకు నేర్పిన మూడు మాటలు మీకూ పనికొస్తాయి. చారు అంటే నీళ్ళలా పలచగా ఉంటుంది. పులుసు కొంచెం చిక్కగా, పుల్లగా ఉంటుంది. ఇగురు అంటే నీళ్ళు దాదాపు పోయి, ముక్కకి మసాలా పట్టుకుని ఉంటుంది. ఇగురు అనే మాట "ఇగిరిపోవడం" నుంచి వచ్చింది. అంటే నీరు ఆవిరై తగ్గిపోవడం. మాటలోనే వంట ఉంది. ఈ లెక్కన పలచటి షోర్బా చారు, ఎర్ర షోర్బా ఇంచుమించు పులుసు. మరి తెల్ల షోర్బా ఏమిటి?

"అదా అండీ? అది మైదా" అన్నాడు. "వెన్నలో మైదా వేయించి పాలు పోస్తారండి. అందుకే అంత చిక్కగా ఉంటుంది. మీగడ దింపే ముందు కలపాలి. కలిపాక తెర్లనివ్వకూడదు. నిమ్మకాయ పిండారంటే విరిగిపోద్ది."

తెర్లడం అంటే మరగడం. విరగడం పాలకి కూడా అంటారు, కర్రకి కూడా అంటారు. మా తరగతిలో కర్ర విరిగింది గాని పాలు ఎప్పుడూ విరగలేదు.

తెల్ల షోర్బాకి ఒక అమెరికా చుట్టం ఉంది. దాని పేరు చౌడర్. జెడ్డా మాల్స్‌లో అమెరికా పద్ధతి హోటళ్ళు ఉన్నాయి. ఒకదానిలో అదీ తిన్నాను. ఆల్చిప్పల్లోని మాంసం, బంగాళాదుంప ముక్కలు, పాలు, మీగడ. పైన చిన్న ఉప్పు బిస్కెట్లు చల్లుతారు. చౌడర్ అనే మాట పెద్ద వంట గిన్నెకి ఫ్రెంచివాళ్ళు వాడే మాట నుంచి వచ్చిందని చాలామంది అంటారు. బోస్టన్‌లో ఒక పత్రిక 1751లో చౌడర్ వండే విధానం అచ్చు వేసింది. దాంట్లో పాలు లేవు, బంగాళాదుంప లేదు. ఉల్లిపాయ, ఉప్పు వేసిన పంది మాంసం, చేప, ఓడ బిస్కెట్టు పొరలు పొరలుగా పేర్చి ఉడికించమని ఉంది. ఇంటికి దూరంగా ఓడలో ఉన్న మనిషి చేతిలో ఏముంటే దానితో వండుకున్న తిండి అది. పాలు తర్వాత వచ్చాయి. ఆ తర్వాత కొందరు టమాటా వేశారు. దాని మీద పెద్ద గొడవ జరిగింది. 1939లో మెయిన్ రాష్ట్రంలో ఒక శాసనసభ్యుడు చౌడర్‌లో టమాటా వేయడం నేరం చేయాలని బిల్లు పెట్టాడు. అది చట్టం కాలేదు లెండి. తెల్లదా, ఎర్రదా అనే ప్రశ్న జెడ్డాది ఒక్కదానిదే కాదు.

సౌదీలో పంది మాంసం ఉండదు. దానికి బదులు కొన్నిచోట్ల గొడ్డు మాంసం సన్నగా తరిగి వేస్తారు. మనలో చాలామంది గొడ్డు మాంసం తినరు. కాబట్టి చౌడర్ తెప్పించే ముందు అడగండి. నేను అడిగాకే తిన్నాను. రుచి ఎలా ఉందంటారా? కడుపు నిండింది. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు. గొడ్డు మాంసమూ లేక, పంది మాంసమూ లేక, ఆ సూపుకి ఉప్పదనం ఇచ్చే వస్తువే పోయింది. ఆ ఖాళీ తెలుస్తోంది.

చేపల హోటల్లో నాకు అసలు ఆశ్చర్యం కలిగించింది సూపు కాదు, పక్కన పెట్టిన చిన్న గిన్నె. ముదురు గోధుమ రంగు పచ్చడి. దాన్ని హుమర్ అంటారు. హిజాజ్ ప్రాంతంలో, అంటే జెడ్డా, మక్కా, మదీనా వైపు, చేపలతో పెడతారు. వేలితో నాలుక మీద పెట్టుకున్నాను. చింతపండు! అరబ్బీలో చింతపండుకి ఇంకో పేరు తమర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరం. ఇంగ్లీషు టామరిండ్ దాని నుంచే వచ్చింది. మీరు వెళ్తే ఎర్ర షోర్బాలో ఒక చెంచా హుమర్ కలిపి చూడండి. అక్కడివాళ్ళు అలా తినరు. ఆ అబ్బాయి నేను కలపడం చూసి, "ఇప్పుడు అది పులుసండి" అన్నాడు.

అలాగే సయ్యాదియా. వేయించిన ఉల్లిపాయలతో గోధుమ రంగు వచ్చేలా వండిన అన్నం, పైన చేప. సయ్యాద్ అంటే వేటగాడు, చేపలు పట్టేవాడు. మన తీరంలో చేపలు పట్టేవాళ్ళు కూడా సముద్రానికి వెళ్ళడాన్ని "వేటకి వెళ్ళడం" అనే అంటారు. ఈ సంగతి కూడా నాకు గుళ్ళో ఎవరూ చెప్పలేదు.

ఒక రోజు అతన్ని మంచు బల్ల దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కొక్క చేపకీ తెలుగు పేరు చెప్పమన్నాను. కొన్నింటికి చెప్పలేకపోయాడు. ఎర్రసముద్రంలో దొరికే నాజిల్ చేపకి జెడ్డాలో చాలా గిరాకీ. ఎర్రటి ఒళ్ళు, నీలం చుక్కలు. "ఇది మా వైపు చూడలేదండి" అన్నాడు. పొడుగ్గా వెండి రంగులో ఉన్న ఇంకో చేప దగ్గరికి రాగానే మొహం వెలిగింది. "వంజరం!" అన్నాడు. ఆ చేపని జెడ్డాలో దిరాక్ అంటారు. సౌదీకి అవతలి ఒడ్డున, దమ్మాం వైపు, కనద్ అంటారు. దాన్ని నేను గుర్తుపట్టాను. మా నాన్న దాన్ని కూటా అనేవారు. డర్బన్ తీరంలో అందరూ అదే అంటారు. ఒకే హిందూ మహాసముద్రం, ఒకే చేప, నాలుగు పేర్లు. మన ఇంట్లో ఇంగ్లీషు పేరు మిగిలింది. తెలుగు పేరు పోయింది.

ఎందుకు పోయిందో ఆలోచించండి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 వరకు లక్షా యాభై రెండు వేల మందికి పైగా అలా వచ్చారు. వాళ్ళకి ఇచ్చిన రేషన్‌లో బియ్యం, పప్పు, ఉప్పుచేప ఉండేవి. ఉప్పుచేపకి పేరు ఉండదు. ఏ చేపైనా ఉప్పుచేపే. గిర్మిట్ ముగిశాక కొందరు డర్బన్ రేవులో, సాల్స్‌బరీ ద్వీపం దగ్గర వలలు వేసి చేపలు పట్టారు. వాళ్ళలో తీరప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళ దగ్గర చేపల పేర్లు ఉండే ఉంటాయి. చెరకు తోటల్లో ఉన్న మా వాళ్ళ దగ్గర లేవు.

గిర్మిట్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మా ముత్తాత అయిదేళ్ళ ఒప్పందం మీద వచ్చాడని ఆ అబ్బాయికి చెప్పాను. "మాది రెండేళ్ళండి" అన్నాడు. "కాని ఇది నాకు నాలుగోసారి." ఏజెంటుకి కట్టిన అప్పు మొదటి ఏడాదిన్నర తినేసిందట. సౌదీలో ఇరవై లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. వాళ్ళలో తెలుగువాళ్ళు కోనసీమ నుంచి, కడప నుంచి, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి వస్తారు. వాళ్ళ కష్టాన్ని గిర్మిట్‌తో సమానం అని నేను అనను. అతని దగ్గర ఫోను ఉంది, విమానం టికెట్టు ఉంది. 2021 మార్చిలో అక్కడి చట్టం మారింది. కొన్ని షరతులతో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారవచ్చు, దేశం దాటి వెళ్ళి రావచ్చు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి ఆ మార్పు వర్తించలేదు. గల్ఫ్‌లో ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడు నాకు ముత్తాత కన్నా ముత్తవ్వ ఎక్కువ గుర్తొచ్చింది.

అతనికి ఒక పాప. మూడో తరగతి. ఇంగ్లీషు మీడియం బడిలో చదువుతోంది. ఆ బడి ఫీజు కోసమే నాలుగోసారి వచ్చాడు. ఒక రోజు పాప పంపిన ఉత్తరం ఫోటో చూపించాడు. ముద్దుగా ఉంది. తెలుగే, కాని ఇంగ్లీషు అక్షరాలతో రాసింది.

"మా పాపకి తెలుగు చదవడం రాదండి" అన్నాడు. "మాట్లాడుద్ది. మీరేమో నాలుగు తరాల తర్వాత చదువుతున్నారు. మీకు మాట్లాడటం..." అని ఆగాడు.

"పంతులుగారిలా వస్తుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత మా మధ్య ఒక ఏర్పాటు జరిగింది. నేను అక్షరాలు పెద్దగా రాసి, ఫోటో తీసి అతనికి పంపేదాన్ని. క నుంచి మొదలుపెట్టాను. అతను పాపకి పంపేవాడు. పాప రాసి తిరిగి పంపేది. దానికి బదులుగా అతను నాకు రోజుకో చేప పేరు తన గొంతుతో పంపేవాడు. పండుగప్ప. చందువ. మాగ. నెత్తళ్ళు. కవ్వళ్ళు. కానగంతలు. నేను బడికి వెళ్ళే బస్సులో వాటిని పైకి అనుకుంటూ కూర్చునేదాన్ని. పక్క సీటులో ఉన్న ఐర్లండ్ టీచరు నేను ఏదో జపం చేస్తున్నానని అనుకుంది. నేను కాదనలేదు. పాప ఒత్తుల దాకా వచ్చింది. చేపల పేర్లు ముప్పై దాటాయి.

మీరు డర్బన్‌లో ఉంటే, జూన్, జూలై నెలల్లో సార్డిన్లు ఒడ్డుకి వస్తాయి కదా. ఆ రకం చేపలే కవ్వళ్ళు. ఒక సలహా. వాటితో తెల్ల సూపు చేయకండి. నూనె ఎక్కువ ఉన్న చేప, పాలతో కలవదు, నీచు పైకి తేలుతుంది. ఉప్పు, పసుపు రాసి కడగండి. చింతపండు నానబెట్టండి. ఉల్లిపాయ వేగాక టమాటా, కారం, చెంచా జీలకర్ర వేయండి. పులుసు బాగా తెర్లాక చేపలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని కదపండి. గరిటె పెడితే ముక్క విరిగిపోతుంది. పది నిమిషాలు చాలు. ఆ రోజు కన్నా మర్నాడు ఇంకా బాగుంటుంది.